33 పేజీల ఉత్తరం

ఒరేయ్,

నీ మెసేజ్ చదివినప్పటి నుంచి చెల్లెమ్మ అన్న మాటే నా చెవిలో తిరుగుతోంది. బాబుకి ఆటిజం అని డాక్టర్ చెప్పగానే "నా పెంపకంలో ఏం తప్పు జరిగింది" అని ఏడ్చిందన్నావు. తన తప్పు ఏమీ లేదురా, ముందు ఆ మాట తనకి చెప్పు. ఈ నింద తల్లుల మీదికి ఎలా వచ్చిందో తెలిస్తే నీకూ ఒళ్లు మండుతుంది.

1943లో అమెరికాలో లియో కానర్ అనే డాక్టర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి ఒక వ్యాసం రాశాడు. (మాస్కోలో గ్రూన్యా సుఖరేవా అనే డాక్టరమ్మ 1920ల్లోనే ఇలాంటి పిల్లల గురించి రాసింది, ఆవిడని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు.) కానర్ రాసిన మొదటి పిల్లాడు డోనాల్డ్. వాళ్ల నాన్న కొడుకు గురించి కానర్‌కి 33 పేజీల ఉత్తరం రాశాడట! గిన్నెలు, చెక్క దిమ్మలు, గుండ్రంగా ఏది దొరికినా గిరగిరా తిప్పుతూ కూర్చుంటాడని. మన బాబు సీసా మూత తిప్పి, అది ఆగేదాకా నేలకి చెంప ఆనించి చూడడం కళ్లముందు మెదిలింది నాకు.

అంత ప్రేమగా రాసిన తండ్రులున్నా, ఈ పిల్లల తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని కానరే రాశాడు, అది పాకి పాకి "ఫ్రిజ్ లాంటి తల్లులు" అనేదాకా వెళ్లింది. బెటెల్‌హైమ్ అనే ఆయనైతే తల్లిదండ్రులదే తప్పంటూ 1967లో ఏకంగా పుస్తకమే రాశాడు. ఎంతమంది అమ్మలు ఆ మాట మోస్తూ బతికారో! అంతకుముందే, 1964లో, బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు ఇది పెంపకం వల్ల కాదు, మెదడుకి సంబంధించింది అని గట్టిగా వాదించాడు. ఆయన కొడుక్కీ ఆటిజమే.

1993లో జిమ్ సింక్లెయిర్ అని, ఆటిజం ఉన్న ఒకరు, ఇలాంటి పిల్లల తల్లిదండ్రులతో "మా కోసం ఏడవకండి" అన్నారు. మీరు కలగన్న పిల్లాడు రాలేదని బాధపడితే పడండి, కానీ వచ్చిన పిల్లాడు మీ ఎదురుగానే ఉన్నాడు, అతన్ని చూడండి అని దాని సారం. చదువుతుంటే గొంతు పట్టేసింది. 1990ల చివర్లో ఆస్ట్రేలియాలో జూడీ సింగర్ అనే ఆవిడ రాతల్లో న్యూరోడైవర్సిటీ అన్న మాట వచ్చింది. మనుషుల మెదళ్లన్నీ ఒకే తీరుగా ఉండవు, తేడా ఉన్నంత మాత్రాన అది చెడిపోయిన మెదడు కాదు అని. అలాగని సాయం అక్కర్లేదని కాదు, థెరపీ మానేయకు. మాట రాని పిల్లలకీ, రోజంతా ఒకరు తోడుండాల్సిన పిల్లలకీ ఎంత సాయం చేసినా తక్కువే.

డోనాల్డ్ బ్యాంకులో ఉద్యోగం చేశాడు, గోల్ఫ్ ఆడాడు, ఎన్నో దేశాలు తిరిగాడు, 2023లో 89 ఏళ్ల వయసులో పోయాడు. బాబూ అలాగే అవుతాడని నేను చెప్పను. కానీ నువ్వూ ఒక నోట్‌బుక్ పెట్టు. ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడు, ఏం చూస్తే నవ్వుతాడు, అన్నీ రాయి. ఆదివారం ఫోన్ చేస్తా, చెల్లెమ్మకి ఇవ్వు.