బైపీసీ పిల్లలకు ముందు గణితం, ఆ తర్వాతే భౌతికశాస్త్రం

సంపాదకుల వారికి,

వైద్య కోర్సుల ప్రవేశ పరీక్ష నీట్‌లో 720 మార్కులకు గాను భౌతికశాస్త్రానివి 180. జీవశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు సైతం ఈ 45 ప్రశ్నల దగ్గర వెనకబడి ఎంబీబీఎస్ సీటుకు దూరమవుతున్నారు. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే అధ్యాపకుడిగా నేను గమనించినంతలో, ఇందుకు కారణం పిల్లల్లో తెలివి లేకపోవడం కాదు. పదో తరగతితో గణితాన్ని వదిలేసిన బైపీసీ విద్యార్థికి సదిశలు, అవకలనం, సమాకలనం అవసరమయ్యే పాఠాలను ఏ సన్నాహమూ లేకుండా మొదలుపెట్టడమే. వేగం–కాలం గ్రాఫు కింది వైశాల్యమే స్థానభ్రంశమని తడుముకోకుండా అప్పజెప్పే పిల్లలు, అది ఎలాగో గీసి చూపమంటే ఆగిపోతారు.

కాలిక్యులేటర్‌కు అనుమతి లేని పరీక్షలో ఈ లోటు మరీ దెబ్బ తీస్తుంది. ఉదాహరణకు, తరంగదైర్ఘ్యం 660 నానోమీటర్లైన ఫోటాన్ శక్తిని కనుక్కోమన్నారనుకుందాం. ప్లాంక్ స్థిరాంకాన్ని కాంతి వేగంతో గుణించి తరంగదైర్ఘ్యంతో భాగించాలి. మొదటిదాన్ని 6.6×10⁻³⁴గా, రెండోదాన్ని 3×10⁸గా తీసుకుంటే, 6.6ను 660తో ముందే కొట్టివేసి, ఘాతాంకాలను కూడి, 3×10⁻¹⁹ జౌళ్లని రెండు వరుసల్లో తేల్చవచ్చు. ఘాతాంకాలు అలవాటు లేని విద్యార్థి మాత్రం పైనున్న సంఖ్యలను గుణించి, ఆపైన భాగహారానికి దిగి, ఈ హడావిడిలో నానోమీటర్లను మీటర్లలోకి మార్చడమే మరచిపోతాడు. 2025 నుంచి ఐచ్ఛిక ప్రశ్నలను, అదనంగా ఉన్న 20 నిమిషాలను తొలగించడంతో 180 ప్రశ్నలకు 180 నిమిషాలే మిగిలాయి; పైగా తప్పు జవాబుకు ఒక మార్కు కోత.

దీనికి విరుగుడుగా చాలా కళాశాలలు బిట్ల సంఖ్యను పెంచుతున్నాయి. వారాంతపు పరీక్ష రాయడం, కీ చూసి మార్కులు లెక్కపెట్టుకోవడం, మరునాడు ఇంకో అధ్యాయానికి వెళ్లిపోవడం ఆనవాయితీ అయింది. పరీక్ష మరునాడు ఒక గంట కేటాయించి, తప్పుపోయిన ప్రతి లెక్కనూ పుస్తకం మూసి కాగితంపై తిరిగి చేయించి, పొరపాటు భావనలో ఉందా, ప్రమాణాల్లో ఉందా, కూడికల్లో ఉందా అని విద్యార్థి చేతనే పక్కన రాయిస్తే, కొత్తగా వంద బిట్లు చేయించడం కన్నా ఎక్కువ మేలు జరుగుతుందని నా నమ్మకం.

ప్రయోగశాల సంగతీ చెప్పాలి. 2024 నుంచి నీట్ సిలబస్‌లో ప్రయోగ నైపుణ్యాలు ప్రత్యేక యూనిట్‌గా చేరాయి. అయినా ప్రాక్టికల్స్ దగ్గరపడితే తప్ప ల్యాబ్ తెరవని కళాశాలలున్నాయి. పిచ్ (ఒక చుట్టుకు మర జరిగే దూరం) 0.5 మిల్లీమీటర్లు, తలస్కేలుపై 50 విభాగాలు ఉన్న స్క్రూగేజీ లీస్ట్ కౌంట్, అంటే అది కొలవగల అతి చిన్న విలువ, 0.01 మిల్లీమీటరని బోర్డుపై రాసుకున్న విద్యార్థి, శూన్యాంశ దోషాన్ని (మూసినప్పుడు పరికరం సున్నా చూపకపోవడాన్ని) కలపాలో తీసివేయాలో ఆ పరికరాన్ని తిప్పి చూడకుండా తేల్చుకోలేడు.

కాబట్టి మొదటి సంవత్సరం బైపీసీ తరగతులకు తొలి నాలుగు వారాలు రోజుకొక పీరియడ్ చొప్పున గణితం తప్పనిసరి చేయాలని రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులను కోరుతున్నాను. ఎంపీసీ ఉన్న ప్రతి కళాశాలలోనూ గణిత అధ్యాపకులు ఉంటారు కనుక ఇందుకు కొత్త నియామకాలు అక్కర్లేదు; జూన్‌లో టైంటేబుల్ వేసేలోగా ఒక ఉత్తర్వు ఇస్తే చాలు.

— ఒక భౌతికశాస్త్ర అధ్యాపకుడు, తెనాలి