థాంక్స్‌గివింగ్‌కి న్యూ మెక్సికో వెళ్దామా?

అందరికీ నమస్కారం. ఈసారి డాలస్ నుంచి కార్లలో న్యూ మెక్సికో వెళ్దామని నా ఆలోచన. ముందు వైట్ శాండ్స్, అంటే తెల్లటి ఇసుక దిబ్బలున్న నేషనల్ పార్క్. అక్కడున్నది మామూలు ఇసుక కాదు, జిప్సం అనే తెల్లటి ఖనిజం. ఎండలో కూడా అంతగా కాలదు, పిల్లలు చెప్పుల్లేకుండా పరిగెత్తొచ్చు. గిఫ్ట్ షాపులో గుండ్రటి ప్లాస్టిక్ పళ్లేలు అమ్ముతారు, అడుగున మైనం రుద్ది దిబ్బ మీద కూర్చుంటే సర్రున జారిపోతాం. సాయంత్రం ఇసుక గులాబీ రంగుకి తిరుగుతుంది, అది చూడకుండా వచ్చేయొద్దు. దిబ్బల దగ్గర నీళ్లు దొరకవు, క్యాన్లు నింపుకోవాలి. పక్కనే క్షిపణి పరీక్షల కేంద్రం ఉంది కాబట్టి ఒక్కోసారి రోడ్డు మూసేస్తారు, ముందురోజే పార్క్ వెబ్‌సైట్ చూసుకుందాం.

ముఖ్యమైన మాట: ఆ దారిలో బోర్డర్ పెట్రోల్ (సరిహద్దు గస్తీ) చెక్‌పోస్టులు ఉంటాయి. వీసా మీద ఉన్నవాళ్లు, చూడటానికొచ్చిన అమ్మానాన్నలు అసలు పాస్‌పోర్టు, ఐ-94 (అమెరికాలోకి వచ్చినట్టు రికార్డు) దగ్గర పెట్టుకోండి. ఫోన్లో ఫొటో ఉందిలే అనుకోవద్దు.

ఉత్తరాన టావోస్ ప్యూబ్లో అనే నేటివ్ అమెరికన్ల ఊరు కూడా నాకు చాలా ఇష్టం. మట్టి ఇటుకల మిద్దెలు, వందల ఏళ్లుగా జనం అందులోనే ఉంటున్నారు. అడగకుండా ఎవరి ఫొటో తీయకూడదు. కొన్ని వేడుకలప్పుడు బయటివాళ్లని రానివ్వరు, తేదీలు కనుక్కుంటాను.

వచ్చేవాళ్లు ఆదివారం లోపు చెప్పండి, రూములు బుక్ చేయాలి.