సంతకం చదివి చెప్పిన పెద్దమనిషికి కృతజ్ఞతలు

రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో పనిచేసిన మా తాతగారి నుంచి మాకు సంక్రమించిన జపాను కత్తికి పిడిలోపల దాగివుండే మొదలు భాగంపై కమ్మరి సంతకంగా చెక్కివున్న అక్షరాలను ఓపికగా చదివి, అవి ‘బిషూ ఒసాఫునె సుకెసదా’ అనీ, వెనుకవైపున ఉన్నది ఎయిషో శకం 14వ సంవత్సరం, అంటే క్రీ.శ. 1517, ఎనిమిదవ నెల అనీ వివరించిన, తన పేరు వెల్లడికావడం ఇష్టంలేని పెద్దమనిషికి మా కుటుంబమంతటి తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. బిషూ అనేది జపానులోని పాత బిజెన్ రాష్ట్రానికి మరో పేరనీ, ఒసాఫునె నేటి ఒకాయామా ప్రాంతంలో కత్తుల తయారీకి పేరొందిన ఊరనీ, సుకెసదా అనే పేరును అక్కడ ఎందరో కమ్మరులు తరతరాలుగా వాడుకున్నారు గనుక సంతకం ఒక్కటే చూసి చేసినవారెవరో నిర్ణయించరాదనీ ఆయన నిజాయితీగా చెప్పడం నాకు మరింత విలువైనదిగా తోచింది. పిడిలోపలి తుప్పు కత్తి వయసుకు సాక్ష్యమనీ, దాన్ని ఎన్నడూ తోమవద్దనీ ఆయన చేసిన హెచ్చరిక, ఏటా దసరా ఆయుధపూజకు ఇనుప సామానంతా మెరిసేలా తోమే మా ఇంటికి ఎంతో అవసరమైనది.