విషయం: తొక్కినా అందుకోని కారు, ఎన్నిసార్లు చెప్పినా కదలని మీ కస్టమర్ కేర్

కస్టమర్ రిలేషన్స్ విభాగం హెడ్ గారికి,

ఈ ఉత్తరాన్ని ఎవరైనా ఒక మనిషి చదువుతారన్న ఆశతో రాస్తున్నాను. ఇప్పటిదాకా నాకు జవాబిచ్చినవన్నీ మెషిన్లే. ఇవాళ "మీ ఫిర్యాదు మాకు ఎంతో ముఖ్యం" అని మెయిల్ వస్తుంది, రేపు "పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. ఎవరు పరిష్కరించారండీ? కారు మా ఇంటి ముందే ఉంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

సమస్య ఏంటంటే, ఆక్సిలరేటర్ తొక్కితే బండి వెంటనే అందుకోదు. కాసేపు ఆలోచించుకుని అప్పుడు కదులుతుంది. విజయవాడ బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఎలాగో సర్దుకుపోవచ్చు గానీ, గన్నవరం దాటాక హైవే మీద లారీని ఓవర్‌టేక్ చేస్తుంటే సగంలో పికప్ చచ్చిపోయింది. వెనక బస్సువాడు ఒకటే హారన్, వెనక సీట్లో మా అమ్మ కళ్లు మూసుకుని దుర్గమ్మకు మొక్కుకోవడం.

ఇక మీ సర్వీస్ సెంటర్ వాళ్ల సంగతి. మనిషికో మాట. ఒకాయన "బీఎస్ 6 డీజిల్ బండ్లన్నీ ఇంతే సార్, అలవాటైపోతుంది" అన్నాడు. బీఎస్ 6 అంటే పొగ కాలుష్యం మీద పెట్టిన రూలేగా. కొన్న కొత్తలో ఇదే బండి తొక్కగానే దూసుకుపోయేది, అప్పుడది బీఎస్ 6 కాదా మరి? ఇంకొకాయన బంకు డీజిల్ మీదకి నెట్టేశాడు, బంకు మార్చినా అదే కథ. మూడో ఆయన డీజిల్ ఆదా చేసే ఎకో మోడ్ ఆపేసి చూడమన్నాడు. నా బండికి ఎకో మోడే లేదు, ఆ సంగతి మీ మనిషికి నేను చెప్పాల్సి వచ్చింది! ఎయిర్ ఫిల్టర్ మార్చారు, డీజిల్ ఫిల్టర్ మార్చారు, ఏదో క్లీనింగ్ అని బిల్లు వేశారు. టెస్ట్ డ్రైవ్ అంటూ వర్క్‌షాప్ వెనక సందులో ఇరవై స్పీడులో ఒక రౌండ్ కొట్టి "బాగానే ఉంది సార్" అని తాళాలు చేతిలో పెట్టారు. హైవే మీదకి రా బాబూ చూపిస్తానంటే పర్మిషన్ లేదట.

కస్టమర్ కేర్‌కి చేస్తే ప్రతిసారీ కొత్త గొంతు, ప్రతిసారీ మొదటి నుంచి కథ చెప్పాలి. అంతా విని, "సీనియర్‌కి ఎస్కలేట్ చేస్తున్నాను, 48 గంటల్లో కాల్ వస్తుంది" అంటారు. ఆ సీనియర్ ఎవరో గానీ ఇంతవరకూ ఆయన గొంతు విన్న పాపాన పోలేదు. టైముకి వచ్చేది ఫీడ్‌బ్యాక్ కాల్ ఒక్కటే. దానికి ముందు అడ్వైజర్ ఫోన్ చేసి "పదికి పది ఇవ్వండి సార్, లేకపోతే మా ఇన్సెంటివ్ కట్" అని బతిమాలతాడు.

చివరికి విసుగొచ్చి ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను స్కానర్ పెట్టి, ముందు పెడల్ నెమ్మదిగా తొక్కించి రీడింగ్ చూశాడు. ఎక్కడా తడబడకుండా పెరిగింది కాబట్టి పెడల్ సెన్సార్ బాగానే ఉందన్నాడు. పక్కన కూర్చుని రోడ్డు మీదకి తీసుకెళ్లమన్నాడు, చూస్తే టర్బో బూస్ట్, అంటే ఇంజిన్‌లోకి గాలిని నెట్టే ఒత్తిడి, రావాల్సినంత రావట్లేదు. బూస్ట్ తక్కువైందని చెప్పే పి0299 అనే కోడ్ పెండింగ్‌లో ఉంది, ఇంకా ఖాయం కాలేదు, అందుకే మీటర్‌లో లైటు వెలగలేదట. బానెట్ ఎత్తి నన్ను రేజ్ చేయమంటే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పైపు దగ్గర ఉస్సుమని గాలి. పైపు కింద వేలు పెట్టి తీశాడు, వేలంతా నల్లటి ఆయిల్. క్లిప్పు పక్కనే గోరంత చీలిక, ఇంజిన్‌కి వెళ్లాల్సిన గాలి అందులోంచే పోతోంది. "పైపు మారిస్తే సరిపోతుంది సార్, కానీ వారంటీలో ఉందిగా, నేను విప్పితే వంక పెడతారు, వాళ్ల చేతే మార్పించుకోండి" అన్నాడు. డబ్బులివ్వబోతే టీ తాగించమన్నాడు, అంతే.

అదంతా నేను ఫోన్‌లో తీసిన వీడియో తెచ్చి చూపిస్తే మీవాళ్లు ఏమన్నారో తెలుసా? "బయటివాళ్లు చెయ్యి పెట్టారు కదా సార్, వారంటీ చూడాలి" అన్నారు! అతను ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. తర్వాత రబ్బరు సామాను వారంటీలో రాదన్నారు. అది ఏ పేజీలో రాసుందో చూపించమంటే హెడ్ ఆఫీస్ అప్రూవల్ కావాలన్నారు, హెడ్ ఆఫీస్‌ని అడిగితే డీలర్ చూసుకుంటాడన్నారు. నేను ఇక్కడ అరుస్తుంటే మీరంతా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

మా నాన్నగారు కొన్న మొదటి కారు మీ కంపెనీదే. గుడివాడలో మా బావమరిది నా మాట నమ్మి మీ బండే కొన్నాడు, ఇప్పుడు పెళ్లిళ్లలో కనిపించినప్పుడల్లా "ఏం బావా, పికప్ ఎలా ఉంది?" అని నవ్వుతాడు. మీ కంపెనీ కోసం ఇంత మాట పడుతున్న నాకు మీరిచ్చే మర్యాద ఇదా?

పైపు వారంటీ కింద మార్చండి, పనికిరాని ఫిల్టర్లకీ క్లీనింగ్‌లకీ లాగిన డబ్బు వెనక్కివ్వండి, ఇన్నాళ్లూ ఎందుకు పట్టించుకోలేదో కాగితం మీద రాసివ్వండి. లేదంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, తర్వాత వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే వేయొచ్చు, మీ హెడ్ ఆఫీస్ ఊరికి నేను రానక్కర్లేదు, మీరే విజయవాడ రావాలి. ఈలోగా మీ షోరూమ్ గేటు ఎదురుగా ఈ బండి ఆపి దాని మీద ఈ కథంతా బ్యానర్ కట్టినా ఆశ్చర్యపోకండి.

ఇట్లు,
ఇంకా మీ కస్టమరే

తా.క.: మొన్న మీ సేల్స్ వాళ్లు ఫోన్ చేశారు. కొత్త మోడల్ వచ్చిందట, ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఇస్తారట, పాత బండి కండిషన్ ఎలా ఉందని అడిగారు. మీ సర్వీస్ సెంటర్ "బాగానే ఉంది" అని సర్టిఫికెట్ ఇచ్చిందని చెప్పాను, ఆ లెక్కనే రేటు కట్టమనండి.