మా కాగితాలు ఆరబెట్టిన ఆ అమ్మకు

2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, రాజంపేట దగ్గరి మా ఊరిని నీళ్లు ముంచెత్తాయి. సముద్రం మాకు ఎంతో దూరం. అయినా బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండమే ఆ వానలను తెచ్చింది. ప్రాణాలతో మిట్ట ఎక్కాం, అంతే.

నీరు తీశాక కడప నుంచి అన్నం పొట్లాలతో వచ్చినవారిలో మీరొకరు. అందరూ పంచి ముందుకు వెళ్లారు. మీరు మాత్రం మా అమ్మ పక్కన బురదలోనే కూర్చున్నారు. ఇనుప పెట్టెలోని పట్టాదారు పాసుపుస్తకం ముద్దయిపోయింది. అమ్మ దాన్ని పారేయబోతుంటే “ఉండండి పెద్దమ్మా” అని చేతిలోకి తీసుకున్నారు. ఒక్కో పుటను గోటితో మెల్లగా విడదీసి, కొంగుతో అద్ది, పొయ్యి సెగకు దూరంగా పట్టుకుని ఆరబెట్టారు. ఎంత ఓపిక! నాన్న ఫొటోను మంచినీళ్లలో కడిగి నీడలో పెట్టారు.

మా పొలమంతా ఇసుక మేట వేసింది. పరిహారం అడగడానికి ఆ పుస్తకమే మాకు ఆధారమైంది.

మీ పేరు తెలియదు. అమ్మ మిమ్మల్ని ఇప్పటికీ తలుచుకుంటుంది. ఈ వైపు వస్తే మా ఇంట భోజనం చేసి వెళ్లాలి, తప్పదు. ఇంటిల్లిపాదీ మీకు నమస్కరిస్తున్నాం.