వార్షిక నివేదిక: ఇరాన్, మలేషియా భోజనాలతో గడిచిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా పెట్టుకునే ఒక్క పెద్ద విందు బదులు, నెలకోసారి చిన్న గుంపుగా దగ్గరలోని హోటళ్లకి వెళ్లి మనకి అలవాటు లేని వంటలు తిని రావాలని కిందటి సర్వసభ్య సమావేశంలో మీరు తీర్మానించారు. దాని ప్రకారం మొదటి ఆరు నెలలు ఇరాన్ వంటలకి, తర్వాతి ఆరు నెలలు మలేషియా వంటలకి ఇచ్చాం. కార్యవర్గ సమావేశాలు, సభ్యత్వాల పునరుద్ధరణ ఎప్పటిలాగే జరిగాయి. వాటి మినిట్స్ ఎవరైనా అడిగి చూసుకోవచ్చు. ఈ నివేదికంతా భోజనాల గురించే.

మొదటి నెల మేం ఆర్డర్ ఇచ్చిన తీరు కుదరలేదు. మెనూ తెరిస్తే అందరికీ తెలిసిన మాట కబాబ్ ఒక్కటే, అందుకని ఎవరి ప్లేటు వాళ్లు చెప్పుకున్నారు. టేబుల్ నిండా కూబీదే కబాబ్‌లే వచ్చాయి. కీమాలో ఉల్లితురుము కలిపి, వెడల్పాటి ఇనప చువ్వలకి పట్టించి నిప్పుల మీద కాల్చినవి, చాలా బాగున్నాయి. కానీ అందరం ఒకటే తిని లేచాం. పక్క టేబుల్ దగ్గర ఒక ఇరానీ కుటుంబం మాత్రం అన్నం పళ్లెం మధ్యలో పెట్టుకుని, చుట్టూ రెండు రకాల కూర, పెరుగు, పచ్చి ఆకులు పెట్టుకుని తీరిగ్గా పంచుకుంటోంది. అన్నం పక్కన బంగారు రంగులో ఒక చెక్కలాంటిది ఉంటే, అందులో పెద్ద ముక్క విరిచి ఆ ఇంటి పెద్దావిడ మనవరాలి కంచంలో వేసింది. మావాళ్లు అటే చూస్తున్నారని గమనించి మాకూ ఒక ముక్క పంపింది. అదే తాహ్‌దీగ్. ఆ రోజు నుంచి మన పద్ధతి మారింది. ఎవరి ప్లేటు వాళ్లది కాదు, అన్నీ మధ్యలో పెట్టి అందరూ పంచుకోవడమే.

తాహ్ అంటే అడుగు, దీగ్ అంటే వండే గిన్నె. మనం మాడు అని గీకి పారేసేదాన్ని వాళ్లు కావాలని, కష్టపడి తయారు చేస్తారు. ఒక హోటల్లో వంటాయన మమ్మల్ని వంటగది గుమ్మం దాకా రానిచ్చారు. నానబెట్టిన బియ్యం ముప్పావు వంతు ఉడకగానే వార్చేశారు. గిన్నె అడుగున నూనె, కాస్త కుంకుమపువ్వు నీళ్లు పోసి, ఆ అన్నాన్ని గోపురంలా పేర్చారు. మూతకి మందపాటి గుడ్డ చుట్టి బిగించారు, ఆవిరి నీరై మళ్లీ అన్నంలో పడకుండా. తర్వాత సన్నని సెగ, ఓపిక. చివర్లో పళ్లెం బోర్లించి గిన్నెని ఒక్కసారి తిప్పారు. రెండు క్షణాలు ఏమీ కాలేదు. అప్పుడు లోపల్నుంచి చిన్నగా చప్పుడైంది, చెక్క అంతా ఒక్క ముక్కగా ఊడి వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. కొన్ని హోటళ్లలో అడుగున బంగాళదుంప చక్రాలో పల్చటి లవాష్ రొట్టో పరుస్తారు, అదీ రుచే. రాగానే తినాలి, చల్లారితే నూనె తేలిపోతుంది.

కుంకుమపువ్వు గురించి కూడా అక్కడే నేర్చుకున్నాం. ఒక్కో పువ్వులో ఉండేవి మూడే రేకలు. ప్రపంచంలో పండేదాంట్లో ఎక్కువ భాగం ఇరాన్‌దే, అందులోనూ ఖొరాసాన్ ప్రాంతానిది. దాన్ని నేరుగా వంటలో వేయరు, చిటికెడు పంచదారతో నూరి గోరువెచ్చని నీళ్లలో నాననిస్తారు. అందుకే అంత తక్కువతో అంత రంగు.

సభ్యులు మళ్లీ మళ్లీ అడిగిన కూర ఘోర్మే సబ్జీ. కొత్తిమీర, పార్స్‌లీ, మెంతికూర సన్నగా తరిగి నల్లబడేదాకా వేయించి, రాజ్మా, మాంసం, ఎండు నిమ్మకాయలతో గంటలకొద్దీ ఉడికిస్తారు. ఆ నిమ్మకాయ కొద్దిగా చేదు, కొద్దిగా పులుపు. మొదటి ముద్దకి కొందరు మొహం చిట్లించారు, నాలుగో ముద్దకి గిన్నె ఖాళీ. ఫెసెంజాన్ అంత సులువుగా అందరికీ ఎక్కలేదు. అది అక్రోట్లు నూరి, దానిమ్మ రసం పాకంలో వండే కూర. ఉత్తర ఇరాన్‌లోని గీలాన్‌లో దాన్ని పుల్లగా చేస్తారు, వేరే చోట్ల తీపి ఎక్కువ. అక్రోట్లు పడని సభ్యులు ఒకరున్నారు. ఆర్డర్ ఇచ్చే ముందు ఆవిడే అడిగారు కాబట్టి సరిపోయింది. అడిగి ఉండకపోతే అనే ఆలోచనకే మాకు టెన్షన్ వచ్చింది. చూడ్డానికి అది మామూలు గోధుమరంగు కూర, గింజలున్నాయని ఎవరికీ అనిపించదు.

శాకాహారులకి ఇరాన్ హోటళ్లలో మేం అనుకున్నదానికన్నా ఎక్కువే దొరికాయి. కాల్చిన వంకాయ, వెల్లుల్లి, టమాటా, గుడ్డుతో చేసే మీర్జా ఘాసెమీ ఉంది (గుడ్డు తినేవారికి మాత్రమే). దోసకాయ, ఎండు పుదీనా కలిపిన పెరుగు ఉంది. అదస్ పోలో అంటే మసూర్ గింజల అన్నం. ఆష్ రెష్తే అనే చిక్కటి సూప్ మాత్రం అడిగి తినాలి, కొన్నిచోట్ల మాంసం నీళ్లతో చేస్తారు.

ఒకచోట బిల్లు కట్టబోతే యజమాని "ఘాబెల్ నదారే" అన్నారు, ఇదేం పెద్ద విషయం కాదు అని. డబ్బు వద్దని దాని అర్థం కాదు. తారోఫ్ అనే మర్యాద అది, మనం మళ్లీ మళ్లీ ఇవ్వజూపాలి. మన కోశాధికారికి ఆ సంగతి ముందే తెలుసు. మూడోసారికి యజమాని చిరునవ్వుతో తీసుకున్నారు. అడక్కుండానే టీ, పటికబెల్లంలాంటి నబాత్ పంపించారు.

ఇక మలేషియా నెలలు. మొదటి రోజు పొద్దున్నే వెళ్లడం మంచి నిర్ణయం. నాసి లెమాక్, రోటీ చనాయ్, తే తారిక్‌లతో సాగే మలేషియా ఉదయపు ఫలహారాల సంస్కృతిని 2024లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మలయ్, చైనీస్, భారతీయ సంతతి వాళ్లు అక్కడ ఒకే కొట్లో పక్కపక్కన కూర్చుని తింటారు. రోటీ చనాయ్ చేసేవాళ్లని ఎంతసేపు చూసినా తనివి తీరదు. నూనెలో నానిన ముద్దని బల్ల మీద కొట్టి, గాల్లో తిప్పి, వెనకాల చెయ్యి కనిపించేంత పల్చగా చేసి మడత పెడతారు. పెనం మీంచి తీశాక రెండు అరచేతుల మధ్య టపాటపా చరుస్తారు, అప్పుడే పొరలు విడిపోతాయి. దాన్ని పప్పులోనో చేపల పులుసులోనో ముంచుకోవాలి. అక్కడ ఈ వంటని నిలబెట్టింది మామక్ అని పిలిచే తమిళ ముస్లిములు. తే అంటే టీ, తారిక్ అంటే లాగడం. తీపి చిక్కటి పాలు కలిపిన టీని రెండు మగ్గుల మధ్య చెయ్యెత్తు నుంచి పోస్తూ పైన నురగ కట్టేదాకా లాగుతారు.

నాసి లెమాక్ దగ్గర మాత్రం ఒక పొరపాటు జరిగింది. కొబ్బరిపాలలో పాండన్ ఆకు వేసి వండిన అన్నం, పక్కన వేరుశనగలు, దోసకాయ, గుడ్డు, సంబల్ అనే మిరపకాయల పచ్చడి. ఎండు చేపలు లేకుండా ఇమ్మని మన శాకాహారులు అడిగారు. వెజిటేరియనే అని చెప్పి వెయిటర్ తెచ్చి పెట్టారు. సగం తిన్నాక, సంబల్‌లో బెలచాన్ ఉందని తెలిసింది. అది రొయ్యల్ని పులియబెట్టి ఎండబెట్టి చేసే ముద్ద, ఆ వంటకి ప్రాణం. ఇద్దరు సభ్యులు చాలా బాధపడ్డారు, ఒకరు ఆ రోజు ఇంకేమీ తినలేదు. ఆ హోటల్ వాళ్లు క్షమాపణ చెప్పారు. అయినా బాధ్యత కార్యవర్గానిది, మేమే ముందుగా కనుక్కోవాల్సింది. ఇప్పుడు ప్రతి చోటికీ రెండు రోజుల ముందు ఫోన్ చేసి, "మాంసం లేదా" అని కాకుండా "బెలచాన్, చేపల నీళ్లు, రొయ్యల పొడి పడతాయా" అని పేరు పెట్టి అడుగుతున్నాం. అలా అడిగితే బెలచాన్ లేని సంబల్ విడిగా చేసి పెట్టిన హోటళ్లు కూడా ఉన్నాయి.

లక్సా అన్నది ఒక వంట పేరు కాదు, ఒక కుటుంబం పేరు. కొబ్బరిపాలతో చేసేది కర్రీ లక్సా. పెనాంగ్ అసం లక్సాలో కొబ్బరి చుక్క ఉండదు, చింతపండు పులుపు, చేప, పుదీనా, అనాస ముక్కలతో ఉంటుంది. ఒకే రోజు రెండూ పక్కపక్కన పెట్టి తిన్నాం. ఓట్లేస్తే అసం లక్సా గెలిచింది. నా ఓటు కూడా దానికే.

రెండాంగ్ తింటూ ఒకరు కోడి తోలు కరకరలాడదేమని అడిగారు. 2018లో బ్రిటన్‌లో జరిగిన ఒక టీవీ వంటల పోటీలో న్యాయనిర్ణేత కూడా ఇదే తప్పు పట్టి మలేషియా, ఇండోనేషియా వాళ్ల కోపానికి గురయ్యారు. కొబ్బరిపాలు ఇగిరిపోయి మసాలా ముక్కకి పట్టేదాకా సన్న సెగ మీద ఉడికించేది రెండాంగ్. అందులో కరకరకి చోటు లేదు.

ఖర్చుల విషయానికొస్తే, సంఘం నిధి నుంచి ఏమీ తీయలేదు. మొదట్లో బిల్లుని సమానంగా పంచాం. మాంసం తిననివాళ్లకి అది అన్యాయంగా ఉందని వచ్చిన ఫిర్యాదు న్యాయమైనదే. మూడో నెల నుంచి మాంసం వంటల్ని విడిగా లెక్కేస్తున్నాం.

వచ్చే ఏడాది మార్చి 20, 21 తేదీల దగ్గర ఇరాన్ వాళ్ల కొత్త సంవత్సరం నౌరూజ్ వస్తుంది. ఆ రోజుల్లో ఇరాన్ హోటళ్లలో ఆకుకూరల అన్నంతో చేప వండుతారు, టేబుళ్లు దొరకడం కష్టం కాబట్టి ముందే చెప్పి ఉంచాలి. రంజాన్ నెలలో పగటిపూట వెళ్లకూడదని, సూర్యాస్తమయం తర్వాతే వెళ్లాలని కార్యవర్గం నిర్ణయించింది. సభ్యత్వ ఫారంలో ఈసారి కొత్తగా ఒక గడి చేర్చాం. మీకు పడని పదార్థాలు, మీరు తినని పదార్థాలు అందులో పేరు పేరునా రాసి ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి