రసమట్టం పెట్టి చూసిన నాథుడు లేడు

సంపాదకులకు నమస్కారం.

గణిత ప్రదర్శన గదికి విశేష స్పందన అంటూ పోయినవారం జిల్లా పేజీలో వార్త వేశారు. రిబ్బను కత్తిరించే ఫొటోలో పెద్దలంతా ఉన్నారు, పనిచేసే పరికరం ఒక్కటీ లేదు. గదిలోనూ అదే పరిస్థితి.

మేకుల బోర్డునే చూడండి. పైనుంచి వదిలిన గోళీలు మేకులకు తగులుతూ దిగి నడిమి గడుల్లో గుట్టగా, అంచుల్లో పలచగా పడాలి. ప్రతి మేకు దగ్గరా గోళీ కుడికో ఎడమకో పోతుంది కాబట్టి పది వరసల మేకులకు దారులు 1024. అందులో నడిమి గడికి పోయేవి 252, చివరి గడికి ఒక్కటే. ఇక్కడ గుట్ట ఎడమకు ఒరిగింది. బిగించేటప్పుడు రసమట్టం పెట్టి చూసిన నాథుడు లేడు మరి! మేకుల సందు ఎక్కువైతే గోళీ తగలకుండానే జారిపోతుంది, తక్కువైతే ఇరుక్కుంటుంది. మనవాళ్లు రెండూ సాధించారు. గోళీలు పిల్లలు పట్టుకుపోతున్నారట. ముందువైపు అద్దం బిగించి, బోర్డునంతా ఇరుసు మీద తిరగేసేలా చేస్తే ఎక్కడికి పోతాయి?

సైక్లాయిడ్ వాలు, అంటే గోళీ అన్నిటికన్నా త్వరగా దిగే వంపు బల్ల, ఇంకా ఘోరం. 30 సెం.మీ. వ్యాసార్థం ఉన్న చక్రాన్ని చెక్క అంచు వెంట అర చుట్టు దొర్లించి, దాని అంచున పెన్సిల్ పెట్టి గీస్తే వడ్రంగికి అచ్చు దొరికినట్టే: ఎత్తు 60, పొడవు 94 సెం.మీ. దాన్ని తలకిందులు చేసి వాడాలి. తిన్నని వాలుబల్ల మీద గోళీ కన్నా దీని మీద గోళీ ముందు చేరుతుంది, కానీ తేడా సెకనులో పదో వంతు. అందుకే రెండింటినీ ఒకే తలుపుతో వదలాలి. ఇక్కడ 'చేత్తో వదలండి' అని రాశారు. చేతి తడబాటులోనే ఆ తేడా కాస్తా పోతుంది. పైగా మన లంకల తేమకు ప్లైవుడ్ ఉబ్బి దారే ఎగుడుదిగుడైంది.

ఇక సబ్బు పొర తొట్టి. అక్రిలిక్ పలకల మధ్య నాలుగు కడ్డీలు, అమలాపురం, రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం అనుకోండి. సబ్బునీళ్లలో ముంచి తీస్తే పొర ఆ ఊళ్లను తక్కువ రోడ్డుతో కలుపుతుంది, కూడలి దగ్గర మూడేసి దారులు 120 డిగ్రీల్లో. 10 సెం.మీ. చదరం మూలల్ని ఐమూలగా కలిపితే మొత్తం దారి 28.3 సెం.మీ., పొర దారి 27.3. తేమగాలిలో పొర ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది, ఈ ఒక్క విషయంలో మన వాతావరణం కలిసొచ్చేదే. సరిగ్గా దాని నెత్తినే సీలింగు ఫ్యాను పెట్టారు! పొర నిలవడం లేదని తొట్టి ఎండబెట్టి 'ముట్టరాదు' అన్నారు. జర్మనీలోని గీసెన్‌లో మాథమాటికుమ్ అనే గణిత మ్యూజియం 2002 నుంచి ముట్టుకుని చూడమనే పద్ధతిలోనే నడుస్తోంది.

డిసెంబరు 22న పుట్టినరోజని రామానుజన్ ఫొటోకి దండ వేస్తే సరిపోతుందా? మహావీరాచార్యుల గణితాన్ని తెలుగు పద్యాల్లో పెట్టిన పావులూరి మల్లన పేరు గోడ మీద ఎక్కడా లేదు. ఫ్లెక్సీలకే చోటు చాలలేదు కాబోలు. రోడ్లయినా, కాలవ గట్లయినా, లెక్కల గదైనా ప్రారంభోత్సవం నాటికి రంగు వేస్తే పని అయిపోయినట్టే మన దగ్గర.

గుత్తేదారుకి తుది బిల్లు ఇచ్చే ముందు ఇంజినీరుగారిని 1024 గోళీలు వదిలి గడి గడికీ లెక్కపెట్టమనండి. నడిమి గడిలో 252కి అటూ ఇటూగా వస్తేనే సంతకం పెట్టాలి.

– ఒక పాఠకుడు, కోనసీమ